ఆ కొత్త ఆకు జిగ్ ఉప్పునీళ్ళ సాల్మన్‌కి పనికొస్తుందా, రాళ్ళ చేపలకేనా?

బోటులేనివాడు:

నమస్తే అందరికీ. పేరులో ఉన్నట్టే నాకు సొంత బోటు లేదు. ఆఫీసు ఫ్రెండ్‌కి 19 అడుగుల అల్యూమినియం బోటు ఉంది, గ్యాస్ ఖర్చు నాది, స్టీరింగ్ అతనిది.

సంగతేంటంటే ఈ వేసవిలో ఎవర్ని అడిగినా ఒకటే మాట, ఆ ఆకు ఆకారం జిగ్ (నీళ్ళలో దించి పైకీ కిందికీ ఆడించే లోహపు గాలం) కొన్నావా అని. పల్చగా, వెడల్పుగా ఉంటుంది, సీసం గుండులా నిటారుగా పడదు, చెట్టు మీంచి రాలిన ఆకులా ఊగుతూ తిరగబడుతూ దిగుతుంది, పైన దారంతో కట్టిన రెండు అసిస్ట్ హుక్స్ వేలాడుతుంటాయి. సాల్మన్‌కీ, నీళ్ళ అడుగున ఉండే చేపలకీ ఒకటే చాలు, ఇక డబ్బానిండా లూర్లు (ఉత్తుత్తి ఎరలు) మోసుకెళ్ళక్కర్లేదని వీడియోల్లో ఊదరగొట్టేస్తున్నారు. నేనూ మూడు కొన్నాను, రెండు ఔన్సులది, మూడుది, నాలుగుది. ఒక్కోటి పదిహేను డాలర్ల పైనే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే చివర్లో కాస్త తిట్టాలి.

మొదటి ట్రిప్ ఆగస్టులో సౌండ్‌లో, అదే సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్‌లో, పాయింట్ నో పాయింట్ దగ్గర. తెల్లారేసరికే నీళ్ళ మీద ఉన్నాం. చుట్టుపక్కల డౌన్‌రిగ్గర్ (ఎరని బరువైన గుండుతో లోతుకి దించే పరికరం) వేసుకుని తిరుగుతున్న బోట్లలో కోహో సాల్మన్లు లేస్తున్నాయి, మా కళ్ళ ముందే నెట్‌లోకి వెళ్తున్నాయి. మేం నాలుగు గంటలు జిగ్‌ని ఎగరేసి దించి, ఎగరేసి దించి, భుజాలు పడిపోయాయి తప్ప సాల్మన్ ముట్టుకోలేదు. ఒక డాగ్‌ఫిష్ (చిన్న సొరచేప) మాత్రం వచ్చి లీడర్ (జిగ్ ముందు కట్టే దారం) అంతా గరుకు గరుకు చేసి పోయింది.

రెండో ట్రిప్ బయటి సముద్రం వైపు నియా బే, రెండు రోజులు. టటూష్ దీవి పక్కన కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అంచున అవే జిగ్గులు వేస్తే కథ మొత్తం మారిపోయింది. నల్ల రాక్‌ఫిష్ జిగ్‌ని అడుగుకి చేరనిస్తే ఒట్టు, దారి మధ్యలోనే లాగేసుకుంటున్నాయి. లింగ్‌కాడ్ అనే పెద్ద నోటి రాళ్ళ చేప కూడా ఒకటి పడింది, నా తొడంత ఉంది, బోటు పక్కదాకా వచ్చి, నన్ను ఒక చూపు చూసి, నోరు తెరిచి జిగ్ వదిలేసి నింపాదిగా కిందికి వెళ్ళిపోయింది. సాయంత్రం కాస్త బయటి నీళ్ళలో కింగ్ సాల్మన్ ఒకటి తగిలింది కానీ అది అర నిమిషం ముచ్చట.

ఇప్పుడు నా డౌట్. ఇది నిజంగా సాల్మన్ లూరేనా, లేక రాక్‌ఫిష్ దేనికైనా పడుతుంది కాబట్టి దీనికీ పడిందా? వాడినవాళ్ళు ఎంత బరువు, ఏ రంగు, ఎంత లోతులో అన్నది చెప్పండి. జిగ్ ఫొటో పెట్టాను. చూశారుగా, రెండో రోజుకే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, హుక్స్ తుప్పు. ఉప్పునీళ్ళ కోసమే చేశాం అని డబ్బా మీద రాసుకున్నారు, ఆ మాట మంచినీళ్ళలో ముంచి రాసినట్టున్నారు.

హెర్రింగ్‌బాబు:

బ్రదర్, జవాబు నీ పోస్టులోనే ఉంది. డౌన్‌రిగ్గర్ బోట్లలో చేపలు లేస్తున్నాయి, నీకు లేవట్లేదు. ఇంకేం కావాలి?

నేను జిగ్గులకి విరోధిని కాను, నా డబ్బాలో పాయింట్ విల్సన్ డార్టులూ ఉన్నాయి, బజ్ బాంబులూ ఉన్నాయి. కానీ ఆగస్టులో కోహో ఒకచోట నిలబడదు, అలల చారల వెంట తిరుగుతూ ఉంటుంది. గంటకి రెండున్నర మూడు మైళ్ళు నడిచే బోటు వెనకాల 11 అంగుళాల ఫ్లాషర్ (తళుక్కుమనే పలక), దాని వెనక ఒక హూచీ (రబ్బరు స్క్విడ్), అందులో చిన్న హెర్రింగ్ ముక్క పెడితే నాలుగు గంటల్లో ఎన్ని మైళ్ళ నీళ్ళు వెతుకుతావో లెక్కేసుకో. నువ్వు ఒక చోట ఆగి జిగ్ ఆడిస్తే బోటు కిందున్న నీళ్ళనే నాలుగు గంటలు వెతికినట్టు. చేప లేని చోట బంగారంతో చేసిన జిగ్ వేసినా అంతే.

రంగుల సంగతి నన్నడక్కు. ఎరుపు అన్నది పైన కొన్ని పదుల అడుగులు దాటేసరికి మసిబారిపోతుంది, లోతుకి వెళ్ళేకొద్దీ మిగిలేది ఆకుపచ్చ, నీలం. వంద అడుగుల కింద నీ గులాబీ రంగు జిగ్ బూడిద రంగు జిగ్గే. రంగులన్నీ షాపులో మన కళ్ళకి గాలం.

పోటుపాటు:

బాబుగారు చెప్పినదాంట్లో సగం నిజం. చేపని వెతకడానికి ట్రోలింగ్, అంటే బోటు నడుపుతూ ఎర లాగడం, మంచిది, అందులో వాదన లేదు. కానీ చేప ఎక్కడుందో తెలిశాక, అదీ ఒకచోట కుప్ప పడి ఉన్నాక, జిగ్‌కి మించింది లేదు. డౌన్‌రిగ్గర్ బోటు ఆ కుప్ప మీదుగా ఒకసారి వెళ్ళి, తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది, ఈలోపు జిగ్ వేసినవాడు అక్కడే ఉంటాడు.

కొన్నేళ్ళ కిందటి మాట. పోర్ట్ టౌన్సెండ్ బయట మిడ్‌ఛానల్ బ్యాంక్ మీద చలికాలం బ్లాక్‌మౌత్ సీజన్. కొత్తవాళ్ళకి చెప్తున్నా, బ్లాక్‌మౌత్ అంటే వేరే చేప కాదు, ఇంకా పెద్దదవ్వని కింగే, చిగుళ్ళు నల్లగా ఉంటాయని ఆ పేరు. ఫిష్‌ఫైండర్‌లో అడుగుని అంటుకుని గడ్డి మొలిచినట్టు సన్నటి మచ్చలు, అది క్యాండిల్‌ఫిష్ అనే సన్నటి చిన్న చేపల గుంపు. దాని మీద అక్కడక్కడా రెండు మూడు లావు గీతలు. జిగ్ వేశాను, 110 అడుగులు. ఇసుకకి తగిలింది, ఒకసారి ఎత్తి వదిలాను, మళ్ళీ తగలాల్సిన టైముకి తగల్లేదు. అంతే, పీకుడు లేదు, గుంజుడు లేదు, దారం ఊరికే వదులైపోయింది. రాడ్ ఎత్తితే బరువు. ఇంటికొచ్చి దాని కడుపు కోస్తే పెన్సిల్ అంత పొడవున్న క్యాండిల్‌ఫిష్‌లు తొమ్మిది, అగ్గిపెట్టెలో పుల్లల్లా ఒకే వైపు తలలు పెట్టుకుని వరసగా ఉన్నాయి. పై రెండూ ఇంకా మెరుస్తున్నాయి. నా జిగ్ పక్కన పెట్టి చూస్తే పొడవు సరిగ్గా అంతే.

ఎందుకు చెప్తున్నానంటే సాల్మన్ జిగ్‌ని కొట్టేది అది లేచేటప్పుడు కాదు, దాదాపు ఎప్పుడూ పడేటప్పుడే. దెబ్బ తిని కిందికి జారిపోతున్న చిన్న చేప అనుకుంటుంది. కాబట్టి నువ్వు చూడాల్సింది నీ జిగ్ ఎలా పడుతోందనే. రాడ్‌ని ఆకాశానికి ఎత్తి కొట్టక్కర్లేదు, రెండు మూడు అడుగులు చురుగ్గా ఎత్తు, తర్వాత రాడ్ కొనని జిగ్‌తో పాటే దించు, దారం బిగిసి ఉండకూడదు, అలాగని కుప్పగా పడిపోకూడదు. బిగిస్తే ఆకు ఊగదు. మరీ వదిలేస్తే చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన సంగతి కూడా నీకు తెలీదు.

బరువు విషయానికొస్తే నీళ్ళ ఉరవడిని బట్టి. పోటు తిరిగే ముందూ తర్వాతా నీళ్ళు నెమ్మదించినప్పుడు వంద అడుగుల్లో రెండు ఔన్సులతో హాయిగా ఆడొచ్చు. అడ్మిరాల్టీ ఇన్లెట్‌లో ఉరవడి మీదున్నప్పుడు నాలుగు కూడా గాల్లో గాలిపటమే. ఇలాంటి పల్చటి జిగ్‌కి ఈ బాధ మామూలు జిగ్ కంటే ఎక్కువ, వెడల్పు కదా, నీళ్ళు దాన్ని పట్టుకెళ్ళిపోతాయి. దారం నీళ్ళలోకి నిటారుగా దిగుతోందా చూడు. ఏటవాలుగా వెళ్ళిపోతుంటే అడుగున నీ జిగ్ ఏం చేస్తోందో నీకు తెలీదు, నువ్వు లాగేది దారాన్నే. మోటారు వెనక్కి కాస్త కాస్త వేస్తూ బోటుని దారం మీదకి తెచ్చుకోవాలి. అది స్టీరింగ్ పట్టుకున్న ఫ్రెండ్ పని, నీ పని కాదు, అతను ఆ టైములో ఫోన్ చూస్తుంటే ఎంత గొప్ప జిగ్ అయినా దండగ.

30 పౌన్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర ఆరేడు అడుగులు 25 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్. ఇంతే నా సరంజామా.

ఇంకోటి, నువ్వు పాయింట్ నో పాయింట్ దగ్గర ఎంత లోతులో ఆడావో రాయలేదు. తెల్లవారుజామున కోహో పైన 30, 40 అడుగుల్లోనే తిరుగుతుంది, ఎండ ఎక్కేకొద్దీ దిగుతుంది. కింగ్ అడుగున, కోహో మధ్యలో. నువ్వు అడుగుకి దించి ఆడి ఉంటే కోహోల కింద కూర్చుని ఆడావన్నమాట.

నీలికయాక్:

ఫొటో జూమ్ చేసి చూశారా ఎవరైనా? నేను చూశాను.

బోటులేనివాడు గారూ, రెండు తప్పులు. పైన అసిస్ట్ హుక్స్ దారాలు చూడండి, ఎంత పొడుగున్నాయో, హుక్ వచ్చి జిగ్ నడుము దాటింది. అంత పొడుగుంటే జిగ్ తిరగబడి పడేటప్పుడు ఆ హుక్ పైకి లేచి మీ లీడర్‌నే పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే ఇక జిగ్ ఆకులా ఊగదు, కట్టేసిన కోడిలా తలకిందులుగా పడుతుంది. నాకు మొదటి ఏడాది అచ్చంగా ఇదే జరిగింది. కయాక్‌లో కూర్చుంటాను కాబట్టి నీళ్ళు నా మోచేతి దగ్గరే, పైకి తీసినప్పుడల్లా చూసేదాన్ని, పదిసార్లలో నాలుగు సార్లు హుక్ లీడర్‌కి తగులుకుని వచ్చేది. అడుగున ఎన్నిసార్లు తగులుకుని విడిపోయిందో దేవుడికెరుక. దారం సగానికి కత్తిరించి మళ్ళీ కట్టుకున్నాను, హుక్ కొన జిగ్ పొడవులో మూడో వంతు దాటకుండా. ఆ రోజు నుంచి ఆ గొడవ లేదు.

రెండోది, కింద మీరే తగిలించినట్టున్నారు ట్రెబుల్ హుక్ (మూడు ముళ్ళది). అది తీసేయండి. బరువు కిందికి పోయి జిగ్ నిటారుగా పడుతుంది, మీరు పదిహేను డాలర్లు ఇచ్చిందే నిటారుగా పడకుండా ఉండటానికి కదా. పైగా పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు. సౌండ్‌లో ఒక దారానికి రెండు హుక్స్‌కి మించి ఉండకూడదు. ఇప్పుడు చూసింది నేను కాబట్టి సరిపోయింది, ఆఫీసరైతే జరిమానా రాసేవాడు.

సాల్మన్‌కి ఎలాగూ బార్బ్‌లెస్ (కొన దగ్గర వెనక్కి తిరిగిన బుల్లి ముల్లు, అంటే బార్బ్, లేని హుక్) తప్పనిసరి, ప్లయర్స్‌తో బార్బ్ నొక్కేశారా లేదా ఫొటోలో తెలియట్లేదు. బార్బ్ లేని చిన్న హుక్స్ మూడు కంటే బార్బ్ లేని పెద్ద సింగిల్ హుక్ ఒకటి గట్టిగా నిలబడుతుంది, ఇది నా అనుభవం. కింగ్ తల విదిలిస్తుంది చూడండి, ఆ విదిలింపుకి జిగ్ బరువే హుక్‌ని ఊడగొడుతుంది. హుక్ దారం మీద వేలాడుతుంటే జిగ్ ఎటు ఊగినా హుక్ చేప నోట్లోనే ఉంటుంది, అసిస్ట్ హుక్ వల్ల లాభం అదే. మీ అర నిమిషం కింగ్ ఏ హుక్ మీద పడింది? పందెం, కింద ట్రెబుల్ మీదే.

బోటులేనివాడు:

అక్కా, పందెం మీరే గెలిచారు. ట్రెబుల్ మీదే. ఒక ముల్లు సాగిపోయి వచ్చింది కూడా.

ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది, పాయింట్ నో పాయింట్ దగ్గర రెండు మూడు సార్లు జిగ్ పైకి తీస్తే హుక్ లీడర్‌కి తగులుకునే ఉంది, విడదీసి మళ్ళీ వేశాను, అదో విషయమని తోచలేదు. రాక్‌ఫిష్‌కి అది పట్టలేదు, తలకిందులుగా పడినా మింగేశాయి. సాల్మన్‌కి పట్టింపు ఎక్కువ కాబోలు. మూడు హుక్స్ రూలు నిజంగా తెలీదు, సిగ్గుగా ఉంది. నియా బేలో కూడా అలాగే వాడాను.

పోటుపాటు గారూ, మీరు ఊహించిందీ నిజమే. ఫిష్‌ఫైండర్‌లో 130 అడుగులు చూపిస్తే అడుగుదాకా దించి ఆడాం. పక్క బోటువాళ్ళు వాళ్ళ డౌన్‌రిగ్గర్ గుండ్లు 45 అడుగుల దగ్గర ఉన్నాయని అరిచి చెప్పారు కూడా, మేం వేరే చేపల గురించి అనుకున్నాం.

సీసంగుండు:

సాల్మన్ గోల మీరు తేల్చుకోండి, నేను అడుగు చేపల మనిషిని, ఆ సగానికి జవాబు చెప్తాను.

ఆకు జిగ్ లింగ్‌కాడ్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ రాళ్ళ మీద నేను దాన్ని వేయను. కారణం డబ్బులు. లింగ్ ఉండేది రాళ్ళ సందుల్లో, జిగ్ రాయికి తగలాలి, తగిలిందంటే పదిలో ఒకటి రాయికి సమర్పణం. పదిహేను డాలర్ల ఆకు కంటే నేనే పోసుకునే సీసం ముద్ద, దానికో తెల్ల రబ్బరు తోక, లింగ్‌కి తేడా తెలీదు. దాని నోరు చూశారా ఎప్పుడైనా? అది తేడాలు చూసే నోరు కాదు.

తమ్ముడూ, నీ లింగ్ బోటు పక్కన జిగ్ వదిలేసి పోయిందన్నావు కదా, అసలు అది నీ హుక్‌కి పడి ఉండదు. ఒకసారి గుర్తు తెచ్చుకో, ముందు చిన్న చేప పడినట్టు టపటపలాడి, మధ్యలో ఉన్నట్టుండి బరువెక్కిందా? లింగ్ చేసే పని అది. నీ గాలానికి పడిన చిన్న చేపని వెనకనుంచి వచ్చి కరుచుకుంటుంది, ఒక్కోసారి వట్టి జిగ్‌నే కరుచుకుంటుంది, హుక్ గుచ్చుకోదు, మొండితనం కొద్దీ వదలకుండా పైదాకా వస్తుంది. దాని తల నీళ్ళ పైకి రాగానే వదిలేస్తుంది. కాబట్టి తల పైకి రానివ్వకుండా, నాలుగడుగుల కింద ఉండగానే నెట్ లోపలికి పెట్టి కిందినుంచి ఎత్తాలి. ఇద్దరు మనుషులుండాలి. ఒక్కడివే అయితే దండం పెట్టుకో.

సౌండ్ లోపల లింగ్ సీజన్ మే 1 నుంచి జూన్ 15, రోజుకి ఒకటి, 26 అంగుళాలకి తక్కువా కాకూడదు, 36కి ఎక్కువా కాకూడదు. అంటే ఆగస్టులో కోహోకి వెళ్ళి అదే జిగ్‌తో లింగ్ కూడా తెచ్చుకుందామంటే లోపల కుదరదు, నియా బే, వెస్ట్‌పోర్ట్ వైపు వెళ్ళాలి. ఒకటే జిగ్ రెండింటికీ అని వీడియోలో చెప్పినవాడు ఈ ముక్క చెప్పడు. రూల్స్ ఒక్కో ఏరియాకి ఒక్కో రకం, సీజన్ మధ్యలోనే మారుస్తారు కూడా, బయల్దేరే ముందు రాత్రి వాషింగ్టన్ రాష్ట్ర చేపల శాఖ యాప్ చూసుకునే వెళ్ళండి.

సౌండ్ లోపల ఇంకో సంగతి, అడుగు చేపల కోసమైతే 120 అడుగుల లోతు దాటకూడదు, ఏరియా 6 నుంచి 13 దాకా రాక్‌ఫిష్ ఒక్కటి కూడా ఉంచుకోకూడదు. ఊరికే పెట్టిన రూలు కాదు. పసుపు కళ్ళ ఎల్లోఐ రాక్‌ఫిష్ వందేళ్ళు దాటి బతుకుతుంది, మీ తాత పుట్టకముందు పుట్టిన చేప కావచ్చు. 2010లో ఇక్కడి ఎల్లోఐ, బొకాచియో రాక్‌ఫిష్‌లని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చారు. ఎల్లోఐని బయటి నీళ్ళలో కూడా ఉంచుకోకూడదు.

రాక్‌ఫిష్‌ని వదలాలంటే ఊరికే నీళ్ళలోకి విసిరితే సరిపోదు. లోతు నుంచి పైకొచ్చేసరికి కడుపులో గాలితిత్తి ఉబ్బిపోతుంది, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది, కళ్ళు గుడ్లగూబలా అవుతాయి. అది మునగలేదు, తేలుతూ ఉంటుంది, సీగల్స్ చూసుకుంటాయి మిగతాది. ఉబ్బింది కదా అని సూదితో పొడవకండి. డిసెండింగ్ డివైస్ అని ఉంటుంది, దవడకి పట్టించి, బరువు కట్టి, మళ్ళీ లోతుకి దించితే అక్కడ వదిలేస్తుంది. అడుగు చేపలకి వెళ్ళే బోటులో అది ఉండి తీరాలి, డబ్బా అడుగున కాదు, వెంటనే వాడేలా కట్టి పెట్టుకోవాలి. లింగ్‌కి గాలితిత్తే లేదు, మామూలుగా వదిలితే వెళ్ళిపోతుంది. సాల్మన్‌కి ఉంది కానీ గొంతులోంచి గాలి బయటికి వదిలేసుకోగలదు. రాక్‌ఫిష్‌కి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది పాపం.

మన వాళ్ళ కోసం ఇంకొక్క ముక్క. కబెజాన్ అనే పెద్ద తల చేప పడుతుంది, మాంసం చాలా బాగుంటుంది, గుడ్లు మాత్రం విషం. చేప గుడ్ల వేపుడు అంటే మనకి ప్రాణం కదా, దీనికి మాత్రం ఆశ పడకండి. లింగ్ మాంసం కొన్నిసార్లు నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది, అది చూసి భయపడి పారేసినవాళ్ళని చూశాను. ఉడికితే తెల్లబడిపోతుంది, హాయిగా తినండి.

ఒడ్డుగాలం:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు బోటూ లేదు, బోటున్న ఫ్రెండూ లేడు. ఒడ్డు మీంచి ఈ జిగ్ విసిరితే పడతాయా? లింకన్ పార్క్ బీచ్‌లో పింకుల (పింక్ సాల్మన్) కోసం చాలామంది నిలబడతారు కదా.

పోటుపాటు:

పింకులు ఇక్కడ బేసి సంవత్సరాల్లోనే గుంపులు గుంపులుగా వస్తాయి, ఆ ఏడాది వెళ్ళు, సరి సంవత్సరంలో వెళ్ళి నన్ను తిట్టకు. ఒడ్డు దగ్గర లోతు ఉండదు, ఆకు జిగ్ ఊగే లోపే అడుగు తగిలి నాచులో కూరుకుపోతుంది. ఒడ్డుకి చిన్న గులాబీ బజ్ బాంబే మేలు. దూరం వెళ్తుంది, పడేటప్పుడు గిరగిరా తిరుగుతుంది, పోయినా ఏడుపు రాదు.

హెర్రింగ్‌బాబు:

చూశారా, గులాబీ రంగు పనిచేస్తుందని పోటుపాటు గారే ఒప్పుకున్నారు. నేను వంద అడుగుల లోతు సంగతి చెప్పాను, ఒడ్డు దగ్గర ఆరడుగుల నీళ్ళలో గులాబీ గులాబీలాగే కనపడుతుంది. రికార్డు కోసం చెప్తున్నా.

బోటులేనివాడు:

సెప్టెంబర్ అప్‌డేట్. పోయిన శనివారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి జెఫర్సన్ హెడ్ వైపు. అక్క చెప్పినట్టు ట్రెబుల్ తీసేశాను, అసిస్ట్ దారాలు కత్తిరించి కొత్త 2/0 హుక్స్ కట్టాను, బార్బ్ నొక్కేశాను. కట్టడానికి ఒక సాయంత్రం అంతా పట్టింది, వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. బయల్దేరే ముందు డాక్ పక్కన రెండడుగుల నీళ్ళలో దించి చూశాను, అబ్బ, ఎంత బాగా ఊగుతోందో. ముందు ఈ పని చేయాలని నాకెందుకు తట్టలేదో.

బాబుగారి మాట కూడా విన్నాను. ముందు ఫ్రెండ్ ఫ్లాషర్ వేసి ట్రోల్ చేశాడు, గంటన్నర తిరిగితే 50 అడుగుల్లో ఒక కోహో లేచింది. వెంటనే మోటార్ ఆపి అక్కడే జిగ్ వేశాను. బ్రెయిడ్ మీద 50 అడుగుల దగ్గర నల్ల మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. మూడోసారి దించుతుంటే, పోటుపాటు గారూ, అచ్చం మీరు రాసినట్టే, దారం ఊరికే వదులైపోయింది. ముందు ఏదో రాయికి ఆనిందనుకున్నాను, 50 అడుగుల్లో రాయేంటి అని వెలగడానికి ఒక క్షణం పట్టింది, ఆ క్షణంలో అది పోయింది. తర్వాత పది నిమిషాలకి మళ్ళీ అలాగే. ఈసారి ఆలోచించలేదు, రీల్ తిప్పాను. కోహో. నీళ్ళ మీద రెండుసార్లు ఎగిరింది, నా చేతులు వణుకుతున్నాయి, ఫ్రెండ్ నెట్ పట్టుకుని నా మీద అరుస్తున్నాడు.

బోటు పక్కకి వచ్చాక నెట్ పెట్టకుండా ముందు వీపు చూశాం. వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే బుజ్జి రెక్క, హేచరీలో (చేపపిల్లల కేంద్రంలో) పెంచి వదిలిన చేపకైతే కత్తిరించేసి ఉంటుంది కదా, దీనికి నిక్షేపంలా ఉంది. ఆ రోజు ఆ ఏరియాలో ఉంచుకోవచ్చో లేదో యాప్‌లో చూద్దామంటే ఫోన్ ఎక్కడో బ్యాగు అడుగున. ఉంచుకోకూడని చేపని బోటులోకి ఎత్తకూడదు కూడా. రిస్క్ ఎందుకని ప్లయర్స్‌తో నీళ్ళలోనే హుక్ తీశాం, బార్బ్ లేదు కాబట్టి ఇట్టే వచ్చేసింది. ఇంటికొచ్చి చూస్తే ఉంచుకోవచ్చట. ఫ్రెండ్ మూడు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

తర్వాత ఇంకొకటి పడింది, అది కత్తిరించిన రెక్కదే, ఏడు పౌన్లు. రెండూ జిగ్ మీదే, ట్రోలింగ్ మీద ఆ మొదటి ఒక్కటే. కానీ ఆ మొదటిది లేకపోతే ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు, అది కూడా రాయాలి కదా.

రంగు మాత్రం మొత్తం ఊడిపోయింది, ఇప్పుడది వట్టి సీసం రంగులో ఉంది. కంపెనీకి మెయిల్ పెట్టాను, మామూలు వాడకంలో రంగు పోవడం సహజం అని జవాబొచ్చింది. దాని మీదే రెండు కోహోలు పడ్డాక ఏమని పోట్లాడను?

నీలికయాక్:

కంగ్రాట్స్! ఫోన్ జేబులో పెట్టుకోండి ఇకనుంచి, జిప్ ఉన్న కవర్లో. మిగతా రెండు జిగ్గుల హుక్స్ కూడా మార్చారా, ఆ ఒక్కదానికేనా?

బోటులేనివాడు:

ఒక్కదానికే అక్కా. వేలి మీద ప్లాస్టర్ ఊడాక మిగతావి.

హెర్రింగ్‌బాబు:

ఆ రంగు ఊడింది ఎన్ని ఔన్సులది? లింక్ ఇక్కడొద్దు, ప్రైవేట్ మెసేజ్‌లో పంపు. ఎవరికీ చెప్పకు.